తోక పట్టుకున్నవాడు

పోయిన ఠాకురాణి యాత్ర అప్పుడు మా మేనల్లుడు బరంపురం నుంచి 40 సెకన్ల వీడియో ఒకటి పంపాడు. బడా బజార్‌లో పులి ఆడుతోంది. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, చుట్టూ ఫోన్లు పైకెత్తిన చేతులు. డప్పు మోతకు నా ఫోను గరగరమంది. అందరూ పులిని చూసి కేకలు వేస్తున్నారు. నేను పులిని చూడలేదు. దాని వెనక రెండు గజాల దూరంలో తోక కొస పట్టుకుని నడుస్తున్న కుర్రాణ్ణి చూశాను. నీలం చొక్కా, మెడలో తువ్వాలు. వాడి ముఖం వీడియో మొత్తంలో ఒక్కసారే కనిపిస్తుంది, అదీ సగం. ఆ సగం ముఖం కోసం ఏడెనిమిది సార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను.

ఒకప్పుడు ఆ పని నేను చేశాను. అయిదు రోజులు, మా బావ వెనక.

మాది బరంపురంలో నేతవాళ్ల వీధి. ఈ మాట చెప్పగానే విశాఖలో ఎవరో ఒకరు "ఒడిశాలో ఉండి తెలుగు ఇంత బాగా ఎలా నేర్చుకున్నారండీ?" అంటారు. మేము ఒడిశాకు వెళ్లలేదు, ఒడిశాయే మా వీధికి వచ్చింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మా తాత పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, పోయింది ఒరిస్సాలో. రెండూ జరిగింది ఒకే ఇంట్లో, ఒకే గదిలో. గొప్ప చెప్పుకోవలసి వచ్చినప్పుడు రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టిన ఊరు మాది అంటాం. మిగతా రోజుల్లో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోపం వస్తే రెండూ.

యాత్ర గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బుఢీ ఠాకురాణి మా ఊరి అమ్మవారు. రెండేళ్లకు ఒకసారి ఎండాకాలంలో ఆమె గుడి విడిచి దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. అది ఆమె పుట్టిల్లు. దేశిబెహరా అంటే తెలుగు మాట్లాడే డేరా నేతవాళ్ల కులపెద్ద, అమ్మవారికి తండ్రి వరస. అంటే ఊరంతా మొక్కే దేవత మాకు పండగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. ఆ ధీమా మా వీధి ఆడవాళ్ల నడకలో ఆ మూడు నాలుగు వారాలూ కనిపించేది. రాత్రిళ్లు అమ్మవారి ఘటాలు వీధుల్లోకి వస్తాయి. కూడళ్లలో రథాలు నిలుస్తాయి. లాగే రథాలు కావు, పురాణ ఘట్టాల బొమ్మలు తీర్చిన కొలువులు. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. శివుడు, కాళి, రాక్షసులు, ఎవరి మొక్కు వారిది. ఎన్ని వేషాలు వచ్చినా వీధి మలుపులో డప్పు మోగిందంటే అందరూ పరుగెత్తేది పులి కోసమే.

ఊహ తెలిసినప్పటి నుంచి నాకు పులి కావాలని ఉండేది. మా నాన్న గుంటమగ్గం మీద పట్టు నేసేవారు. అంచు వెంబడి గోపురాల వరుసలా లేచే ఫొడా కుంభ అల్లిక ఆయన చేతిలో పడితే చూసి తీరాలి. నాకు మాత్రం ఆ మగ్గంలో పని కంటే చప్పుడే ఇష్టం. నాడె అటు వెళ్లి ఇటు వచ్చే చప్పుడుకు పెరట్లో అడుగులు వేసేవాణ్ణి. "కండెలు చుట్టమంటే గంతులేమిటిరా" అని లోపలి నుంచి కేక వచ్చేది. కేక వచ్చిందంటే మగ్గం ఆగిందని అర్థం. నేనూ ఆగేవాణ్ణి.

మా వీధి పులుల జట్టుకు ఒక గురువుగారు ఉండేవారు. పగలు బియ్యం కొట్లో కాటా దగ్గర కూర్చునేవారు, సాయంత్రం మాకు అడుగులు నేర్పేవారు. పులి నడక, నీళ్లు తాగడం, ఒళ్లు విరుచుకోవడం, వాసన పట్టడం, చివర వేట. పొట్టి మనిషి, దగ్గు, రెండు నిమిషాలకు ఒకసారి బీడీ. కానీ ఆయన వంగి చేతులు నేలకు ఆనించి మన వైపు తల తిప్పితే వెన్నులో చలి పుట్టేది. "పులి గంతులు వెయ్యదురా. పులి చూస్తుంది. గంతేస్తే నవ్వుతారు, ఆగితే భయపడతారు" అనేవారు. ఆ ఆగడం నాకు రావడానికి రెండేళ్లు పట్టింది. వచ్చిన రోజు ఆయన ఏమీ అనలేదు, బీడీ పారేసి రెండోసారి చేయమన్నారు. అంతకు మించిన మెప్పు నాకు తరువాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

నేను తొమ్మిదో తరగతి పూర్తి చేసిన ఏడాది, 1980ల చివర, యాత్ర వచ్చింది. జట్టులో ఒక్క కొత్త పులికే చోటు ఉందన్నారు. రంగుకు, డప్పులవాళ్లకు, జట్టు భోజనాలకు అయ్యే ఖర్చు తక్కువ కాదు. ఆ ఒక్క చోటు నాదేనని నాకే కాదు, వీధిలో అందరికీ తెలుసు. చిన్నపిల్లలు నన్ను అప్పటికే పులి అని పిలుస్తున్నారు.

ఒక శుక్రవారం సాయంత్రం మా మేనత్త కొబ్బరికాయ, తాంబూలం, పదకొండు రూపాయలు పళ్లెంలో పెట్టుకుని గురువుగారి ఇంటికి వచ్చింది.

మేనత్త కొడుకు, అంటే మా బావ, నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. ఒకే తరగతి, ఒకే బెంచీ. బడికి వెళ్లేటప్పుడు ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నడిచేవాడు, బెంచీ మీద కూడా ఎడమ చివరే కావాలనేవాడు. వాడికి ఆటలు పెద్దగా పట్టవు. చేతిపని ఇష్టం. విరిగిన గొడుగు దొరికితే రోజంతా పలకడు. ఏడేళ్ల వయసులో వాడికి పెద్ద జ్వరం వచ్చింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బిడ్డ బతికితే వేషం కట్టించి నీ ముందు అయిదు రోజులు పులిని ఆడిస్తానని అత్త అమ్మవారికి మొక్కుకుంది. డబ్బు లేక ఆ మొక్కు యాత్ర తరువాత యాత్రకు వాయిదా పడుతూ వచ్చింది. ఆ ఏడాది మామయ్య చేతిలో నాలుగు రూపాయలు నిలిచాయి.

గురువుగారు పళ్లెం తీసుకుని కళ్లకు అద్దుకున్నారు. తరువాత నా వైపు చూశారు. "మొక్కు ముందురా. నీకు వయసు ఉంది" అన్నారు. నేను తల ఊపాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? అత్త మీదా? ఆమె బిడ్డ బతికినందుకా? అమ్మవారి మీదా? ఎటు చూసినా తప్పు చేసినవాడు ఒక్కడూ కనబడని అన్యాయం అది. అలాంటిది అరగదు. తప్పు చేసినవాడు ఒకడుంటే బాగుండేది, తిట్టుకుని పడుకునేవాణ్ణి.

మర్నాడు పిలిచి చెప్పారు. "తోక నువ్వు పట్టుకో. వాడికి దరువు పట్టుబడడం లేదు. నీకు వచ్చు కదా, వెనక నుంచి నడిపించు."

తోక పట్టుకోవడం చూసేవాళ్లకు పనే కాదు. కొబ్బరితాడు మీద గుడ్డ చుట్టి, చారలు వేసి, కొసన కుచ్చు కట్టిన రెండు గజాల తోక అది. ఒక కొస పులి నడుముకు, రెండో కొస మన చేతికి. నేల మీద ఈడ్వకూడదు, జనం తొక్కకూడదు, పులి తిరిగినప్పుడు కాళ్లకు చుట్టుకోకూడదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ముఖానికి కాగితపు గుజ్జుతో చేసిన పులితల తగిలించాక లోపలివాడికి కళ్ల రంధ్రాల ఎదురుగా ఉన్నది తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి తోకే వాడికి చూపు. ఒకసారి లాగితే ఆగాలి. రెండుసార్లు లాగితే దరువు మారుతోంది, కుడికి తిరగాలి. ఇది మా ఇద్దరి మధ్య ఒప్పందం.

మొదటి రోజు తెల్లవారుజామున రంగు వేశారు. ఒంటి మీద వెంట్రుక లేకుండా గీసి, ముందు తెల్లరంగు, అది ఆరాక పసుపు, అది ఆరాక నల్ల చారలు. మూడు గంటలు పట్టింది. రంగు చెదరకుండా చేతులు ఒంటికి దూరంగా ఉండాలని రెండు వెదురు కర్రలు పాతి, వాటి మీద చేతులు ఆనించి నిలబెట్టారు. ఆ మూడు గంటలూ బావ అలా నిలబడే ఉన్నాడు. ఒకసారి "ఒరేయ్, ముక్కు దురదగా ఉందిరా" అన్నాడు. గోకాను. ఒకసారి గ్లాసుతో బేల్ పణా, అంటే మారేడు పండు పానకం, తాగించాను. చారలు గీస్తున్న ఆయన కుంచె పొట్ట మీదికి రాగానే వాడికి నవ్వు ఆగలేదు. నేను నవ్వలేదు. ఆ కుంచె నా పొట్ట మీద ఎలా ఉండేదో ఊహించుకుంటున్నాను.

డబ్బా రంగు చర్మాన్ని మూసేస్తుంది. చెమట బయటికి రాదు, ఒళ్లు లోపలే ఉడుకుతుంది. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం 16 కిలోమీటర్లే. చైత్రమాసంలో అటు నుంచి గాలి రాదు, ఉక్క మాత్రమే వస్తుంది. పాత పులులు గంటకు ఒకసారి నీడకు వెళ్లి తడిగుడ్డ కప్పుకుంటారు. కొత్తవాడికి ఎప్పుడు ఆగాలో తెలియదు, అడగాలంటే సిగ్గు.

బావ ఆట ఎలా ఉందో ఒక్క మాటలో చెప్పాలంటే, లెక్క పెడుతున్నట్టు ఉంది. ఒకటి రెండు మూడు, కుడికాలు. ఒకటి రెండు మూడు, ఎడమకాలు. డప్పు ఒకచోట ఉంటే వాడు మరోచోట ఉండేవాడు. సన్నాయి లాంటి మహురి ఊదే ఒడియా ముసలాయన ఊదడం ఆపి వాడి కాళ్ల వైపు చూశాడు. గిరి రోడ్డు దాటేలోపు జనంలోంచి ఎవరో "పులి కాదురోయ్, పిల్లి" అన్నారు. ఒడియాలో ఒకడు, తెలుగులో ఒకడు. అన్నవాడికి సరదా, అంతే. పులితల లోపల వాడి ముఖం ఎలా మారిందో ఎవరికీ కనిపించలేదు. నాకు మాత్రం తోకలో సన్నటి వణుకు తెలిసింది. గాలిపటం దారం చేతిలో ఉన్నవాడికి పైన గాలి తెలిసినట్టు.

నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్ల తరువాత దాన్ని మరో పేరు పెట్టి చెప్పడం అనవసరం. జాలి కూడా కలిగింది, కాని అది వెనక వచ్చింది.

రెండో రోజు నా పాదాలు ఆగలేదు. డప్పు మోగుతుంటే ఊరికే నడవడం నా వల్ల కాలేదు. వెనకే నేను కూడా అడుగు వేశాను, మొదట చిన్నగా, తరువాత పూర్తిగా. భాపూర్ బజార్ దగ్గర ఒక పెద్దాయన పకపకా నవ్వి "పులి కంటే తోక బాగా ఆడుతోంది!" అన్నారు. అందరూ నన్ను చూశారు. ఆ చూపుల కోసమే కదా రెండేళ్లు పెరట్లో గెంతింది. మూడో కూడలికి వచ్చేసరికి పిల్లలు ముందు వైపు వదిలేసి నా చుట్టూ చేరారు. నేను ఆడుతుంటే తోక అటూ ఇటూ ఊగి బావ నడుమును పక్కకు లాగేది. వాడు తూలేవాడు. తూలితే జనం ఇంకా నవ్వేవారు. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆడాను.

ఆ రాత్రి అత్త అన్నం పెడుతూ "ఎలా ఆడాడురా?" అని నన్ను అడిగింది. "బాగానే" అన్నాను. బావ తల ఎత్తలేదు. అత్త నా విస్తరిలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మూడో రోజు సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఒక కూడలిలో నరసింహావతారం రథం. ముందు వెదురు కంచె, దాని మీద రంగు దీపాలు. గురువుగారే స్వయంగా డప్పు అందుకున్నారు. నడక దరువు నుంచి వేట దరువుకు మారబోతోంది. అది మారే ముందు డప్పు ఒక్క క్షణం సన్నగిల్లుతుంది. తెలిసినవాడి చెవికి అది చాలు. నాకు తెలిసింది. రెండుసార్లు లాగాలి. తోక నా చేతిలోనే ఉంది. చెయ్యి కదలలేదు.

మరచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరచిపోలేదు. వీడికి రాదని గురువుగారు కళ్లారా చూస్తే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది.

దరువు మారింది. బావ తిరగలేదు, నేరుగా దూకాడు. వెదురు కంచెకు భుజం తగిలి పడ్డాడు. దీపాల తీగ తెగింది. పులితల పక్కకు ఒరిగి, ఒక కంటి రంధ్రంలోంచి వాడి చెవి కనిపించింది. అది చూసి ఒక పసిపిల్ల ఏడ్చింది, మిగతా జనం నవ్వారు. నేను పరుగెత్తి తల సరిచేశాను. రంధ్రాల్లోంచి వాడి కళ్లు నా మీదే ఉన్నాయి. ఏమీ అనలేదు. లేచి మళ్లీ ఒకటి రెండు మూడు లెక్క పెట్టుకున్నాడు. నాకు వినిపించింది.

ఆ రాత్రి నూతి దగ్గర వాడి రంగు వదలగొట్టింది నేనే. కిరసనాయిలు, కొబ్బరినూనె కలిపి, మగ్గం దగ్గరి నూలు పీచుతో రుద్దాలి. పసుపు, నలుపు కలిసి బురద రంగు నురగ కారింది. చంకల్లో చర్మం పొక్కి ఎర్రగా ఉంది. అక్కడ పీచు తగిలినప్పుడల్లా పళ్ల సందున గాలి పీల్చుకుంటున్నాడు.

"దరువు మారబోతోందని నీకు ముందే ఎలా తెలుస్తుందిరా?" అని అడిగాడు.

ఎత్తిపొడుపు అనుకున్నాను. "వినిపిస్తుంది కదా" అన్నాను.

"నాకు ఆ తల తగిలించాక అంతా ఒకటే హోరు. అసలే ఈ చెవి లేదు" అని ఎడమ చెవి మీద చెయ్యి వేసి చూపించాడు. నాకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతిని గుర్తు చేస్తున్నట్టు మామూలుగా అన్నాడు.

నాకు తెలియదు. ఒకే బెంచీలో ఏళ్ల తరబడి కూర్చున్నాను, నాకు తెలియదు. ఎప్పుడూ నా ఎడమ పక్కన ఎందుకు నడుస్తాడో, మేష్టారు పిలిస్తే రెండోసారికి ఎందుకు లేస్తాడో, ఆ నూతి గట్టు మీద ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. చిన్నప్పటి జ్వరం పోతూ పోతూ ఆ చెవిని తీసుకుపోయింది. పిల్లవాడు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కనిపెట్టలేదు.

"అత్తకు చెప్పు. గురువుగారికి నేను చెబుతాను. మూడు రోజులు ఆడావు, మొక్కు తీరినట్టే" అన్నాను.

"అమ్మకు చెప్పకు" అన్నాడు. "బాగు చేసినందుకు అమ్మవారి ముందు నన్ను ఆడిస్తోంది. పూర్తిగా బాగవలేదని ఎలా చెప్పను?"

ఆ రాత్రి డాబా మీద నిద్ర పట్టలేదు. దూరంగా ఘటాల ఊరేగింపు డోళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. పొద్దున్నే గురువుగారి దగ్గరకు వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. బావకు ఆ ఉడుకు, ఆ నవ్వులు తప్పుతాయి. మిగిలిన రెండు రోజులూ పులి నేనే. నన్ను తప్పు పట్టేవాడు కూడా ఉండడు, మంచి చేశావంటారు. వాడికి మంచి, నా కోరిక, రెండూ ఒకే మాటతో తీరిపోతున్నాయి. సరిగ్గా అందుకే ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. నిజంగా వాడి మీద జాలితో చెబుతున్నానా అని నన్ను నేను అడిగితే, పొద్దున కూడలిలో కదలని నా చెయ్యే గుర్తుకు వచ్చింది.

తెల్లవారకముందే వాణ్ణి లేపి పెరట్లోకి తీసుకువెళ్లాను. తువ్వాలు వాడి నడుముకు కట్టాను, నేను కొస పట్టుకున్నాను. లోపల నాన్న మగ్గం మొదలుపెట్టారు. నాడె చప్పుడుకు, ఒక్కో దెబ్బకు ఒక్కో చిన్న లాగు. మలుపు దగ్గర మాత్రమే లాగడం పాత పద్ధతి. ఇప్పుడు దరువు మొత్తం తోకలోంచే పంపాలి. వాణ్ణి కళ్లు మూసుకోమన్నాను. మొదట రెండు సార్లు తడబడ్డాడు. మూడోసారి కుడిపాదం చప్పుడు మీద పడింది. ఆగాడు. మళ్లీ లాగాను. ఎడమ పాదం. వాడి ముఖంలోకి ఒక విచిత్రమైన వెలుగు వచ్చింది, చీకట్లో మెట్టు దొరికినవాడి ముఖం లాగా.

దీనికి తోక ఎప్పుడూ బిగుతుగా ఉండాలి. నేను ఆడకూడదు. నా కాలు ఒక్క గంతు వేసినా ఆ కుదుపు తోకలో కలిసిపోతుంది, వాడికి లెక్క తప్పుతుంది. మొద్దులా, నేల మీద పాదాలు ఈడుస్తూ నడవాలి. నాలుగో రోజు పిల్లలు మొదటి కూడలిదాకా నా చుట్టూనే తిరిగారు. "అన్నా, ఆడవా?" అన్నారు. ఆడలేదు. రెండో కూడలిలో నన్ను వదిలేశారు. అంత సులువుగా వదిలేస్తారని అనుకోలేదు, కొంచెం బాధ కలిగింది.

బావ గొప్పగా ఆడాడని చెప్పను. వాడిలో పులి లేదు. కానీ అడుగు తప్పలేదు. పిల్లి అన్నవాడు లేడు. అయిదో రోజు దేశిబెహరా వీధిలో అమ్మవారి ముందు ఒక చోట వాడు ఆగాడు. నేను లాగలేదు, వాడే ఆగాడు. చేతులు నేలకు ఆనించి తల ఎత్తి చూశాడు. ఓ అయిదారు క్షణాలు జనం చప్పుడు చేయలేదు. ఆ ఆగడం నాది, రెండేళ్లు పెరట్లో నేను సాధించినది. వాడు ఎప్పుడు చూశాడో, ఎలా నేర్చుకున్నాడో తెలియదు. కొబ్బరికాయ పట్టుకుని పక్కనే ఉన్న అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జట్టు విడిపోయేటప్పుడు గురువుగారు నన్ను పిలిచారు. మెచ్చుకుంటారనుకున్నాను. "రెండు రోజులుగా తోకను తాడులా బిగించి పట్టుకున్నావు. పులి తోక ఊగాలిరా. నీకు అన్నీ తెలుసనుకున్నాను" అన్నారు. జవాబు నాలుక మీదికి వచ్చింది. బావ పక్కనే నిలబడి ఉన్నాడు. "పొరపాటైంది గురువుగారూ" అన్నాను.

నేను పులిని కాలేదు. రెండేళ్ల తరువాత యాత్ర వచ్చేసరికి విశాఖలో పాలిటెక్నిక్ పరీక్షలు రాస్తున్నాను. ఆ తరువాతి యాత్రకు గురువుగారు లేరు. బావ పందొమ్మిదేళ్లకు సూరత్ వెళ్లాడు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లని ఇల్లు మా వైపు తక్కువ. గుంటమగ్గం ఒక మనిషితో మాట్లాడినట్టు చప్పుడు చేస్తుంది. ఆ మరమగ్గాల షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారని, ఆ సైగలు తనకే అందరికంటే ముందు వచ్చాయని మొదటి ఉత్తరంలో రాశాడు. తరువాత కుడిచెవి కూడా మందగించింది. ఇప్పుడు చిన్న యంత్రం పెట్టుకుంటాడు.

ఈ అనుభవంతో నేను మారిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో ఒకసారి నేను ఆశపడిన కుర్చీ నాతోపాటు చేరిన మిత్రుడికి వచ్చింది. పెద్దవాళ్ల ముందు అతను అంకెలు తడబడుతుంటే, ఆ అంకెలన్నీ నోటికి వచ్చిన నేను బల్ల చివర కూర్చుని పెన్ను మూత తిప్పుతూ చూశాను. ఒక కాగితం మీద రాసి అతని వైపు జరపడానికి మూడు వారాలు పట్టింది. తోక పట్టుకుని వచ్చినవాడికి అన్ని రోజులు పట్టకూడదు. ఆ కాగితం అందుకున్నప్పుడు అతను నా వైపు చూడలేదు. నాకూ అదే నయమనిపించింది.

ఆ తోక మా ఇంట్లోనే ఉండిపోయింది. అటక మీద దూలానికి చుట్టి ఉండేది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు సగం లేచిపోయాయి. అటక మీది సామాను అంతా నానిపోయింది. తోకకు బూజు పట్టిందని అమ్మ పారేసింది. నేను వెళ్లేసరికి కుచ్చు మాత్రం పెరట్లో జామచెట్టు కింద పడి ఉంది.

అత్త పోయి ఆరేళ్లయింది. చివరి రోజుల్లో ఆమెను చూడడానికి వెళ్లినప్పుడు ఒకటి గమనించాను. మంచం మీద నుంచి లేవలేని మనిషి, బావ వచ్చి కూర్చోగానే తలగడ జరిపించుకుని వాడి కుడివైపుకు తిరిగి మాట్లాడేది. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

మొన్నటి వీడియో బావకు కూడా పంపాను. రాత్రి పది దాటాక ఫోను చేశాడు. షిఫ్టు దిగి వస్తున్నాడు, వెనక ఆటోల మోత.

"ఆగరా, ఈ చెవికి మార్చుకోనీ" అన్నాడు. తరువాత నూలు ధర, మోకాలి నొప్పి, చిన్నకొడుకు చదువు. పెట్టేసే ముందు ఏదో గుర్తుకు వచ్చినట్టు ఆగాడు.

"పులి పరవాలేదు. ఆ తోకవాడే ఆలస్యంగా లాగుతున్నాడు, చూశావా?"

"చూశాను బావా" అన్నాను.

"కుర్రవాడు కదా" అన్నాడు. బస్సు వచ్చిందని పెట్టేశాడు.